పాత వెస్ట్‌ఫాలియా క్యాంపర్ వ్యాను ముందు చక్రాల బేరింగులు, హబ్బులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి ముందు 1974 నాటి ఫోక్స్‌వాగన్ వెస్ట్‌ఫాలియా ఒకటి నిలబడి ఉంటుంది. ఇంజను వెనక, మంచం మధ్యలో, సింకు పక్కన, పైకి లేచే గుడ్డ కప్పు. అమెరికాలో ఉంటూ ఇలాంటి బండి కొనుక్కున్న మిత్రులు ఫోనులో మొదట అడిగేది ఇంజను గురించి, ఆ తర్వాత తుప్పు గురించి. ముందు చక్రాల మాట ఎవరూ ఎత్తరు. ఏదో ఒక కొండ దారిలో చక్రం కేకపెట్టాక మాత్రం అందరివీ ఒకే ప్రశ్నలు. వాటికి చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఏయే బండ్లకు వర్తిస్తుంది?

1967 ఆగస్టు నుంచి 1979 దాకా జర్మనీలోని హానోవర్‌లో తయారైన రెండో తరం వ్యానును దృష్టిలో పెట్టుకుని రాశాను. ముందు అద్దం ఒకే పలకగా, వంపు తిరిగి ఉండేది ఇదే. 1970 మోడలు వరకు ముందు చక్రాలకు డ్రమ్ము బ్రేకులు, 1971 మోడలు నుంచి డిస్కు బ్రేకులు. బేరింగుల పద్ధతి మాత్రం రెంటికీ ఒకటే.

డాడ్జ్ చాసిస్ (బండి అడుగు చట్రం) మీద కట్టిన పాత విన్నెబాగో వంటి పెద్ద బండ్లకూ సూత్రం ఇదే. అక్కడ నట్టు జారకుండా స్ప్లిట్ పిన్ను ఉంటుంది, మన దాంట్లో నట్టుకే ఒక చీలిక ఉంటుంది, దాన్ని చిన్న మరతో బిగిస్తారు. బిగింపు కొలతలు మాత్రం ఆయా బండి మాన్యువల్‌లో చూసుకోవాలి.

1973 నుంచి 1978 దాకా వచ్చిన జీఎంసీ మోటర్‌హోమ్ ఉన్నవారు ఈ పేజీ చూసి పానా పట్టుకోకండి. దానికి ముందు చక్రాలే బండిని లాగుతాయి. బేరింగులను ప్రెస్సుతో లోపలికి నొక్కి కూర్చోబెడతారు. అది ఇంటి ముందు చేసుకునే పని కాదు.

అసలు హబ్బులో ఏముంటుంది?

చక్రం బిగించేది హబ్బుకు. హబ్బు తిరిగేది స్టబ్ యాక్సిల్ మీద, అంటే తాను తిరగని పొట్టి ఇరుసు మీద. ఈ రెండింటి మధ్య రెండు బేరింగులు: లోపలి వైపు పెద్దది, బయటి వైపు చిన్నది. ఒక్కో బేరింగుకు రెండు ముక్కలు. రోలర్లతో కలిసి ఉన్న లోపలి ముక్క కోను, హబ్బులో గట్టిగా కూర్చుని ఉండే ఉక్కు ఉంగరం కప్పు. లోపలి బేరింగు వెనక ఆయిల్ సీలు. బయటి బేరింగు ముందు మందపాటి వాషరు, దాని మీద నట్టు, అన్నిటినీ మూస్తూ గ్రీజు టోపీ.

రోలర్లు స్తంభాల్లా నిటారుగా కాకుండా ఒక వైపు సన్నబడి ఉంటాయి. అందువల్ల బండి బరువును మోస్తూనే, మలుపులో పక్కకు తోసే బలాన్నీ తట్టుకుంటాయి. బండ్లకు పనికొచ్చే ఇలాంటి బేరింగుకు 1898లో పేటెంటు పొందిన హెన్రీ టిమ్‌కెన్ గుర్రపు బగ్గీలు తయారు చేసినవాడు. మన ఊళ్లలో ఎద్దుల బండి ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన పెట్టేవారు కదా, ఆయన ఎదుర్కొన్న చిక్కూ అదే: మలుపులో చక్రం ఇరుసును ఒరుసుకోవడం.

ఈ సన్నబడిన ఆకారంతో ఒక తిరకాసు ఉంది. నట్టు ఎంత బిగిస్తే కోను అంతగా కప్పులోకి దిగుతుంది. అంటే బేరింగు ఎంత వదులుగా ఉండాలో నిర్ణయించేది మీ చేయి. నేను చూసిన పాడైన బేరింగుల్లో ఎక్కువ భాగం పాతబడి పోయినవి కావు. ఎవరో గట్టిగా బిగించగా పోయినవి.

ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి విప్పాలి?

రోజూ తిరిగే కారుకు కిలోమీటర్ల లెక్క సరిపోతుంది. ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగని బండికి అది చాలదు. గ్రీజు ఊరికే కూర్చుని కూడా పాడవుతుంది. అందులోని నూనె విడిపోయి కిందికి కారుతుంది, మిగిలిన పిప్పి గట్టిపడుతుంది. సీలు పెళుసుబారి తేమను లోపలికి రానిస్తుంది. అందుకే నేను రెండేళ్లకు ఒకసారి, లేదా ముప్పై వేల కిలోమీటర్లకు, ఏది ముందు వస్తే అప్పుడు విప్పి కడిగి కొత్త గ్రీజు పెడతాను. కొత్తగా కొన్న బండి అయితే మొదటి పెద్ద ప్రయాణానికి ముందే విప్పండి. అమ్మినవారు "ఈ మధ్యనే చేయించాం" అన్నా సరే.

బేరింగు పోతోందని ముందుగా తెలుస్తుందా?

తెలుస్తుంది, చెవి పెడితే. మొదట సన్నటి ఊళ. వేగంతో పాటు స్వరం పెరుగుతుంది, గేరు మార్చినా క్లచ్ తొక్కినా మారదు. తర్వాత గరగర. చివర్లో గొణుగుడు పోయి స్టీరింగులో వణుకు మొదలవుతుంది. ఈ వ్యానులో ఇంజను వెనకెక్కడో ఉంటుంది కనుక ముందు చక్రాల శబ్దం డ్రైవరుకు బాగా వినిపిస్తుంది. మనం కూర్చునేది సరిగ్గా వాటి పైనే.

టైరు శబ్దమా, బేరింగు శబ్దమా అన్నది తేల్చడానికి రెండు పరీక్షలు. నున్నటి తారు మీద నుంచి కాంక్రీటు రోడ్డు మీదికి రాగానే శబ్దం మారితే అది టైరుది. ఖాళీ రోడ్డులో మెల్లగా ఎడమకు వంగినప్పుడు శబ్దం పెరిగితే కుడి బేరింగును అనుమానించండి. మలుపులో బరువు బయటి చక్రం మీదికి వెళుతుంది. కుడికి వంగితే పెరిగేది ఎడమ చక్రం గోల.

చక్రం పట్టుకుని ఊపితే కదులుతోంది. బేరింగా, బాల్ జాయింటా?

జాకీ మీద ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టక్కుమని కదిలితే ఆ రెండింటిలో ఏదైనా కావచ్చు. అప్పుడు ఇంట్లో ఒకరిని పిలిచి బ్రేకు గట్టిగా తొక్కి పట్టమనండి. మళ్లీ ఊపండి. కదలిక మాయమైతే తప్పు బేరింగుది. బ్రేకు తొక్కగానే హబ్బూ స్టబ్ యాక్సిలూ ఒకే ముక్కలా బిగుసుకుంటాయి కనుక బేరింగు వదులు కనిపించదు. బ్రేకు తొక్కినా కదులుతూనే ఉంటే బాల్ జాయింటు (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండు కీలు) చూడండి.

కుడి ఎడమలు పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే అది స్టీరింగు వైపు సంగతి. టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) చివరలు చూడాలి.

ఒక హెచ్చరిక. సరిగ్గా సర్దిన బేరింగులో కూడా అతి కొద్ది కదలిక చేతికి తెలుస్తుంది. అది లోపం కాదు. దాన్ని పోగొట్టాలని నట్టు బిగించినవారే తర్వాత నాకు ఫోను చేస్తారు.

మలుపు తిరిగాక మొదటిసారి బ్రేకు పెడలు లోతుకు దిగుతోంది. రెండోసారి మామూలే. ఎందుకు?

డిస్కు బ్రేకుల బండిలో ఇది వదులు బేరింగు చేసే పని కావచ్చు. మలుపులో హబ్బు అటూ ఇటూ ఒరిగినప్పుడు డిస్కు కూడా ఒరిగి ప్యాడ్లను వెనక్కి తోస్తుంది. తర్వాత బ్రేకు తొక్కితే మొదటి తొక్కు ఆ దూరాన్ని పూడ్చడానికే సరిపోతుంది. మాస్టర్ సిలిండరు (పెడలు తొక్కితే బ్రేకు నూనెను తోసేది) మార్చే ముందు చక్రం ఒకసారి ఊపి చూడండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

స్పీడోమీటరు ఆగిపోయింది. దానికీ బేరింగుకూ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. ఈ బండిలో స్పీడోమీటరు కేబులు ఎడమ ముందు చక్రం స్టబ్ యాక్సిల్ మధ్యలోని రంధ్రం గుండా వస్తుంది. దాని చదరపు కొన గ్రీజు టోపీకి ఉన్న చదరపు రంధ్రంలోంచి బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. జారిపోకుండా బయట చిన్న క్లిప్పు. చక్రం తిరిగితే టోపీ తిరుగుతుంది, టోపీ కేబులును తిప్పుతుంది. ఇంతకన్నా తేలికైన ఏర్పాటు నేను చూడలేదు.

కాబట్టి ముల్లు సున్నా దగ్గర పడుకుంటే ముందు ఎడమ చక్రం దగ్గరికి వెళ్లండి. క్లిప్పు ఊడి ఉండవచ్చు. చదరపు రంధ్రం అరిగి గుండ్రబడి ఉండవచ్చు. లేదా టోపీయే దారిలో రాలిపోయి ఉండవచ్చు. ఈ చివరిది ప్రమాదం. టోపీ లేదంటే బయటి బేరింగులోకి దుమ్మూ వాన నీరూ నేరుగా వెళుతున్నాయన్నమాట. ముల్లు ఆగిన రోజునే చూడండి.

ఎడమ చక్రం నట్టు ఎంత బలంగా తిప్పినా రావడం లేదు.

మీరు బిగిస్తున్నారు. ఎడమ స్టబ్ యాక్సిల్‌కు మర వ్యతిరేకం. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే విడుతుంది. కుడి వైపు మామూలు మరే. చక్రం ముందుకు తిరిగేటప్పుడు నట్టు తనంతట తాను వదులు కాకుండా ఈ ఏర్పాటు.

నేను మొదటిసారి చేసినప్పుడు పైపు తొడిగి మరీ తిప్పాను. ఇరవై నిమిషాలు చెమటోడ్చాక కాఫీకి లేచి, కప్పు పట్టుకుని నిలబడి చూస్తే మర గీతల వంపు ఎదురు దిక్కుగా ఉన్నట్టు కంటికి ఆనింది. అప్పటికి ఆ బేరింగు రోలర్లు కప్పు మీద అచ్చులు వేసేశాయి. కొత్తది కొనక తప్పలేదు.

ఇంకొకటి. నట్టుకు ఒక చోట చీలిక ఉండి, దాన్ని బిగించే చిన్న మర ఉంటుంది. ముందు ఆ మరను అలెన్ కీతో వదులు చేయాలి. అది మరచి నట్టు తిప్పితే స్టబ్ యాక్సిల్ మరలు చెడతాయి.

విప్పే ముందు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

చదునైన గట్టి నేల. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు. జాకీతో ఎత్తాక తప్పనిసరిగా స్టాండు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. లోపల అలమారాలూ నీళ్ల ట్యాంకూ ఉన్న బండి ఇది, ఒక పక్క బరువు ఎక్కువగా ఉండవచ్చు.

పాత బ్రేకు షూలలోనూ ప్యాడ్లలోనూ ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ పొడిని గాలితో ఊదకండి, చీపురుతో దులపకండి. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

విప్పే వరస చెప్పండి.

చక్రం తీయండి. డిస్కు బండి అయితే క్యాలిపరు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి తీగతో పైకి కట్టండి. బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకండి, లోపల చిట్లుతుంది. డ్రమ్ము బండి అయితే బ్రేకు షూలను వెనక్కి సర్దండి. లేకపోతే డ్రమ్ము రాదు. హబ్బూ డ్రమ్మూ ఒకే పోత.

ఎడమ వైపు ముందు కేబులు క్లిప్పు తీసి, అప్పుడు టోపీ. టోపీని ఒక చోటే పొడవకుండా చుట్టూ కొద్దికొద్దిగా తట్టుతూ లాగితే సొట్ట పడదు. నట్టు మర వదులు చేసి నట్టు తీయండి. హబ్బును రెండు చేతులతో పట్టుకుని కాస్త ముందుకు లాగి మళ్లీ వెనక్కి తోయండి. వాషరూ బయటి బేరింగూ మీ బొటనవేళ్ల కిందికి వస్తాయి. వాటిని ముందు తీసి పెట్టుకోండి. ఇది మరిచి హబ్బును ఒక్క గుంజు గుంజితే బేరింగు నేల మీద ఇసుకలో పడుతుంది. అప్పుడు గ్రీజు పూసిన బేరింగుకు ఇసుక అద్దకం ఉచితం.

హబ్బు చేతికొచ్చాక వెనకనుంచి సీలు ఊడదీస్తే లోపలి బేరింగు బయటపడుతుంది. ఎడమ బేరింగులు ఒక పళ్లెంలో, కుడివి ఇంకో పళ్లెంలో. ఏ కప్పులో తిరిగిన కోను ఆ కప్పుకే.

పాత గ్రీజు చూసి ఏమైనా చెప్పవచ్చా?

చాలా చెప్పవచ్చు. కడిగేయాలన్న తొందరలో ఆ వాంగ్మూలాన్ని పోగొట్టుకోకండి. కొద్దిగా నల్లబడి మెత్తగా ఉంటే దాని వయసు అది, భయం లేదు. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. తుప్పు రంగు ఉంటే నీళ్లు చేరి చాలా కాలమైంది. వేళ్ల మధ్య నలిపి ఎండలో పెట్టి చూస్తే మిలమిల మెరిసే రేణువులు ఉంటే ఉక్కు పొట్టు లేస్తోంది, ఆ బేరింగు పని అయిపోయింది. నల్లగా, పెచ్చులు కట్టి, మాడిన వాసన వేస్తే వేడెక్కింది. బిగింపు ఎక్కువైందా, బ్రేకు పట్టేసిందా అని చూడండి. రెండు రంగుల గ్రీజు చారలు చారలుగా ఉంటే ఎవరో పాతది కడగకుండా పైన కొత్తది కూరారని అర్థం.

కడిగాక దేనికోసం వెతకాలి?

కిరోసిన్‌లో కుంచెతో రెండు మూడు సార్లు కడిగి, పోగులు రాని గుడ్డతో తుడిచి, గాలికి ఆరనివ్వండి. కంప్రెసర్ గాలితో రోలర్లను గిర్రున తిప్పడం కొందరికి సరదా. ఎప్పుడూ చేయకండి. గ్రీజు లేని బేరింగు ఆ వేగంలో చెడిపోతుంది. రోలర్లను పట్టి ఉంచే పంజరం విరిగి రోలరు ఎగిరితే తూటాతో సమానం.

వెలుతురులో ఒక్కో రోలరూ తిప్పి చూడండి. గోరు పెట్టి గీస్తే తగిలే గుంట ఏదైనా ఉందంటే మార్చాల్సిందే. కప్పు మీద రోలర్ల ఎడంతో సమానమైన ఎడంలో అడ్డ చారలు ఉంటే బండి చాలా కాలం కదలకుండా నిలబడి ఉందని, లేదా చక్రానికి గట్టి దెబ్బ తగిలిందని గుర్తు. గడ్డి రంగు మరక కొద్దిపాటి వేడికి వస్తుంది. నీలం రంగు తేలితే ఉక్కు పదును పోయింది, వెనకాడకుండా పారేయండి. బూడిద రంగు మచ్చలు తేమవల్ల వచ్చినవి. చెయ్యి పెడితే నున్నగా ఉన్నా అక్కడి నుంచే పొట్టు లేవడం మొదలవుతుంది.

స్టబ్ యాక్సిల్‌నూ చూడండి. కోను దాని మీద చేత్తో జారాలి. కోను గట్టిగా తిరిగి యాక్సిల్ మీద గాడి కోసి ఉంటే కొత్త బేరింగు వేసినా ఫలితం లేదు, స్టబ్ యాక్సిలే మార్చాలి. సీలు పెదవి రాసుకునే చోట గీత పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది.

కొత్త కోనును పాత కప్పులో వేయవచ్చా? కప్పు బాగానే కనిపిస్తోంది.

వద్దు. రెండూ కలిసి అరిగిన జంట. ఒకటి మార్చితే రెండోది కూడా.

కప్పు తీయడానికి హబ్బు లోపల వెనక వైపు అంచు కనిపించే చోట్లు ఉంటాయి. ఇత్తడి కడ్డీ పెట్టి ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు, సమంగా దిగేలా కొట్టాలి. ఉలి వాడితే హబ్బు గోడ గీసుకుపోతుంది. కొత్త కప్పును రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, హబ్బును కాస్త వేడి చేస్తే సగం శ్రమ తగ్గుతుంది. పాత కప్పు అంచును కొద్దిగా అరగదీసి దాన్నే పైన పెట్టి కొట్టండి. కొత్తదానిలో రోలర్లు తిరిగే ముఖానికి సుత్తి తగలదు. దిగుతున్నంతసేపు శబ్దం బోలుగా ఉంటుంది. అడుగుకు చేరగానే ఠంగుమని గట్టిపడుతుంది. ఆ మార్పు వినిపించే దాకా ఆపకండి, వినిపించాక ఇంకొక్కటి కూడా కొట్టకండి.

ఏ గ్రీజు వాడాలి?

చక్రాల బేరింగులకని డబ్బా మీద రాసి ఉన్న, 2వ నంబరు గట్టిదనం గల లిథియం కాంప్లెక్స్ గ్రీజు. డిస్కు బ్రేకుల బండికి మామూలు లిథియం కన్నా ఇది మేలు, వేడికి త్వరగా కరగదు. అమెరికాలో డబ్బా మీద జీసీ-ఎల్బీ అనే ముద్ర చూసుకుంటే చాలు. మొదటి భాగం చక్రాల బేరింగులకు, రెండోది చాసిస్ కీళ్లకు పనికొస్తుందని చెబుతుంది.

రంగు చూసి ఎంచుకోకండి, ఎరుపూ నీలమూ అలంకారాలే. వేర్వేరు రకాల గ్రీజులు కలిపితే కొన్ని జంటలు పలచబడి కారిపోతాయి. అందుకే పాతది ఏమిటో తెలియనప్పుడు పూర్తిగా కడగాలని అంత పట్టుపడుతున్నాను.

చేత్తో గ్రీజు నింపడం ఎలా?

ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు తీసుకోండి. కుడి చేత్తో బేరింగును పట్టుకుని, వెడల్పాటి వైపు అంచును అరచేతిలోని గ్రీజులో గుచ్చి తనవైపు లాగుతూ నొక్కండి. అదే చోట మళ్లీ మళ్లీ. కాసేపటికి సన్నటి వైపునుంచి, రోలర్ల సందుల్లోంచి జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు గ్రీజు పోగులు పైకి వస్తాయి. అప్పుడు కొంచెం తిప్పి పక్క చోట. చుట్టూ అలా వచ్చాకే నిండినట్టు. పైన పూసి వదిలేస్తే పంజరం వెనక అంతా ఖాళీయే.

కప్పుల లోపల పలచగా ఒక పూత. రెండు బేరింగుల మధ్య హబ్బు ఖాళీలో మూడోవంతు నుంచి సగం దాకా నింపితే చాలు. మొత్తం కూరితే గ్రీజు చిలికినట్టై వేడెక్కుతుంది, పెరిగి సీలు దాటి బ్రేకుల మీదికి వస్తుంది. టోపీలో కుక్కకండి.

లోపలి బేరింగు పెట్టాక కొత్త సీలు. పెదవి బేరింగు వైపు చూడాలి. హబ్బు అంచుతో సమంగా వచ్చే దాకా చెక్క ముక్క పెట్టి తట్టండి. పాత సీలు ఎంత బాగున్నా మళ్లీ వాడకండి.

నట్టు ఎంత బిగించాలి?

ఈ పేజీ అంతా రాసింది ఈ జవాబు కోసమే.

హబ్బు ఎక్కించి, బయటి బేరింగు, వాషరు, నట్టు పెట్టండి. హబ్బును ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో నట్టును కొంచెం బలంగా బిగించండి. ఇది రోలర్లు తమ స్థానాల్లో కుదురుకోవడానికి, అదనపు గ్రీజు తప్పుకోవడానికి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు అడ్డదిడ్డంగా నిలబడి, మీకు తప్పుడు బిగువు చూపిస్తాయి. కుదురుకున్నాక నట్టును పూర్తిగా వదులు చేసి, మళ్లీ వేళ్లతో తగిలే దాకా తెచ్చి, అక్కడి నుంచి సర్దడం మొదలుపెట్టండి.

ఈ బండికి ఉండాల్సిన వదులు 0.03 నుంచి 0.12 మిల్లీమీటర్లు. మన తలవెంట్రుక మందం సుమారుగా ఆ మధ్యలోనే ఉంటుంది. డయల్ గేజీ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) ఉంటే హబ్బు ముఖానికి ఆనించి, హబ్బును నేరుగా ముందుకూ వెనక్కూ లాగి చూడండి. పక్కకు ఊపితే కొలత తప్పుతుంది.

గేజీ లేకపోతే పాత మెకానిక్కుల పద్ధతి ఉంది. నట్టు వెనకున్న వాషరును స్క్రూడ్రైవరు కొనతో పక్కకు నెట్టండి. స్క్రూడ్రైవరును దేనికీ ఆనించి ఎత్తకూడదు, వేళ్ల బలంతో నెట్టాలి. వాషరు అయిష్టంగా, బంకలో కదిలినట్టు కదలాలి. అస్సలు కదలకపోతే బిగువు ఎక్కువ. గలగలా కదిలితే వదులు ఎక్కువ. నేను రెండు పద్ధతులూ చేసి పోల్చుకుంటాను. పదిసార్లు పోల్చాక వేళ్లకే కొలత వచ్చేసింది.

చివరికి నట్టులోని చిన్న మర బిగించండి. అది బిగించేటప్పుడు నట్టు కొద్దిగా జరగవచ్చు. కనుక మళ్లీ కొలవండి. ఈ రెండో కొలత చాలామంది వదిలేస్తారు.

కాస్త బిగువుగా ఉంటే నష్టమేమిటి? వదులు కన్నా భద్రం కదా?

బండి నడిస్తే హబ్బు వేడెక్కుతుంది, ఉక్కు వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వెంట్రుకంత ఖాళీ లేకపోతే వేడెక్కాక రోలర్లకు తిరిగే చోటు ఉండదు. గ్రీజు పొర చిరుగుతుంది, ఉక్కు ఉక్కును రాసుకుంటుంది, వేడి ఇంకా పెరుగుతుంది. అక్కడి నుంచి పతనం చాలా వేగం. కొద్దిగా వదులైన బేరింగు నెలల తరబడి గొణుగుతూ హెచ్చరిస్తుంది. బిగుసుకున్నది ఒక్క మధ్యాహ్నంలో ప్రాణం తీసుకుంటుంది.

ఒకసారి బద్ధకించి ఈ పని ఒక షాపులో ఇచ్చాను. అక్కడి కుర్రవాడు మంచివాడే, ఈనాటి కార్ల అలవాటుతో టార్కు రెంచి పెట్టి బిగించాడు. నేటి కార్లలో చాలావాటికి బేరింగు మూసిన డబ్బాలా వస్తుంది, దాన్ని గట్టిగా బిగించడమే సరైన పద్ధతి. దీనికి అది విషం. నలభై మైళ్లలో కుడి హబ్బు మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమంది. విప్పితే బయటి కోను నెమలి కంఠం రంగులో ఉంది.

పని అయ్యాక మొదటి ప్రయాణంలో ఏం చూడాలి?

చక్రం బోల్టులు 130 న్యూటన్ మీటర్లకు బిగించి, పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపండి. ఆపేటప్పుడు వీలైనంత వరకు బ్రేకు వాడకుండా బండిని దానంతట అది ఆగనివ్వండి. లేకపోతే మీరు కొలిచేది డిస్కు వేడి. టోపీ మీద చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి ఆనించలేనంత వేడి ఉంటే తప్పు. రెండు పక్కలూ పోల్చడం ముఖ్యం. ఒక పక్క మాత్రమే వేడి అంటే అక్కడేదో ఉంది. కొత్త కప్పులు వేసి ఉంటే అయిదారు వందల కిలోమీటర్లకు మరోసారి వదులు కొలవండి, అవి ఇంకాస్త లోపలికి కుదురుకుంటాయి.

బేరింగు సరిగ్గానే సర్దాను. అయినా ఒక చక్రం వేడెక్కుతోంది.

బ్రేకు వదలడం లేదేమో చూడండి. పాత రబ్బరు గొట్టం బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి మూసుకుపోతుంది. తొక్కినప్పుడు ఒత్తిడి దాటుతుంది, వదిలాక వెనక్కి రాదు. చక్రం ఎత్తి తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే క్యాలిపరు మీదున్న గాలి తీసే మర కొద్దిగా విప్పండి. చక్రం వెంటనే వదులైతే దోషం గొట్టానిది.

దారి మధ్యలో బేరింగు అరుస్తోంది. ఇంటికి చేరుకోవచ్చా?

సన్నటి ఊళ మాత్రమే అయితే, నెమ్మదిగా, తరచూ ఆగి హబ్బు తాకి చూసుకుంటూ దగ్గరి ఊరికి చేరవచ్చు. గరగరలాడినా, స్టీరింగు వణికినా, కాలిన వాసన వచ్చినా అక్కడే ఆపి బండి మోసుకెళ్లే లారీని పిలవండి. బయటి బేరింగు చితికితే హబ్బును నిలిపి ఉంచేది ఏదీ మిగలదు.

చలికాలం అంతా బండిని కదపకుండా ఉంచుతాను. ఏమైనా చేయాలా?

నెలకోసారి బండిని పది అడుగులు ముందుకో వెనక్కో కదపండి. రోలర్లు ఒకే చోట బరువు మోస్తూ ఉంటే అక్కడి గ్రీజు తప్పుకుని తేమకు పట్టు దొరుకుతుంది. ఉప్పు చల్లిన రోడ్లలో తిరిగాక కడిగి పెట్టండి, కానీ ఒత్తిడి నీటి గొట్టాన్ని హబ్బుకు గురిపెట్టకండి. సీలు వానను ఆపుతుంది, ఫిరంగిని కాదు.

వెడల్పాటి రిమ్ములు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. రిమ్ము బయటికి జరిగే కొద్దీ బరువు బయటి చిన్న బేరింగు మీదికి మళ్లుతుంది. హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే స్పేసర్లు మాత్రం నేను వేయను.

ఏ కంపెనీ బేరింగులు కొనాలి? ఇండియా నుంచి తెప్పించుకోవచ్చా?

ఈ రకం బేరింగులకు అంతర్జాతీయంగా నంబర్లు ఉంటాయి. మీ పాత కోను మీద, కప్పు మీద చెక్కిన నంబరు చూసుకుని అదే నంబరు కొంటే, ఎక్కడ కొన్నా కూర్చుంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో బేరింగుల దుకాణానికి నంబరు చదివి వినిపించినా సరే. ఎఫ్ఏజీ, ఎస్కేఎఫ్, టిమ్‌కెన్, కోయో, ఎన్‌టీఎన్ వీటిలో ఏదైనా మంచిదే. అట్టపెట్టె మీది పేరు కాకుండా ఉక్కు మీద చెక్కిన పేరు చూడండి. నకిలీలు చాలా తిరుగుతున్నాయి. అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉన్నా, ధర నమ్మలేనంత తక్కువగా ఉన్నా తిరిగి ఇచ్చేయండి.

ప్రయాణంలో వెంట ఏమి ఉంచుకోవాలి?

నా సీటు కింద ఒక పాత హార్లిక్సు సీసా ఉంది. అందులో గ్రీజు నింపి సంచిలో చుట్టిన బయటి బేరింగు ఒకటి, సీళ్లు రెండు, ఎడమ టోపీ ఒకటి, కేబులు క్లిప్పులు నాలుగు, నట్టు మరకు అలెన్ కీ. క్లిప్పులు నాలుగెందుకంటే గడ్డిలో పడితే దొరకవు. ఇప్పటికి మూడు పోయాయి.